బిందెల లెక్క: ఈ ఎండాకాలం మా డాబా తోట

2024 మార్చి 18 పొద్దున ఆరున్నరకు బోరు మోటారు వేసి, డాబా మీద పైపు పట్టుకుని నిలబడ్డాను. పావుగంట బాగానే పారింది. తర్వాత పైపు చేతిలో ఒక్కసారి ఎగిరి, బుస్సుమని గాలి వదిలి, గుక్కెడు ఎర్రనీళ్లు కక్కి ఆగిపోయింది. మోటారు పాడయిందేమో అనుకున్నాను. మెకానిక్ వచ్చి చూసి, "మోటారు మంచిగనే ఉన్నది అక్కా, కింద నీళ్లే లేవు. గంట ఆగి వెయ్యండి, మళ్లా పది నిమిషాలు పోస్తది" అని చెప్పి 300 తీసుకుని పోయాడు. మా బోరు 240 అడుగులు. ఎప్పుడైనా మే నెలలో సతాయించేది కానీ శివరాత్రి దాటిన పది రోజులకే చేతులెత్తేయడం ఇదే మొదటిసారి.

హన్మకొండ గోపాల్‌పూర్‌లో మా ఇల్లు. డాబా మీద కుండీలు, పెయింటు బకెట్లు, గ్రో బ్యాగులు కలిపి 62. కింద కాస్త నేలలో నిమ్మ, కరివేపాకు, మునగ, జామ, గేటు పక్కన మల్లె. మార్చి మొదట్లో 14 టమాట చెట్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. వంకాయలు, బెండ, పాలకూర, కొత్తిమీర, పుదీనా, రెండు బీర తీగలు, బంతి, నాలుగైదు రకాల పూలు. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. ఇంత దిష్టి పెట్టుకోవడం అవసరమా అని తర్వాత చాలాసార్లు అనిపించింది.

నేను చేసిన మొదటి తప్పు చెప్తాను, ఎందుకంటే ఇది అందరూ చేసేదే. మార్చి ఆఖర్లో మధ్యాహ్నం రెండింటికి పైకి వెళ్తే బీర ఆకులు తడిగుడ్డలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. ప్రాణం ఉసూరుమంది. గబగబా రెండు బకెట్లు పోశాను. సాయంత్రానికి ఆకులు లేచాయి. నా నీళ్లే కాపాడాయనుకుని వారం రోజులు అదే పని చేశాను. ఎనిమిదో రోజు ఒక తీగ పొద్దున కూడా లేవలేదు. పీకి చూస్తే వేర్లు నల్లబడి, జిగటగా, కుళ్లు వాసన. మట్టి పైపొర మాత్రం ఎండి పగిలింది. ఎండ ముదిరినప్పుడు వేరు లాగే దానికంటే ఆకు వదిలేదే ఎక్కువ కాబట్టి తడి ఉన్నా వాలిపోతుందని, చల్లబడగానే తనంతట తనే లేస్తుందని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి మధ్యాహ్నం డాబా ఎక్కడమే మానేశాను. పొద్దున ఆరింటికి కూడా వాలి ఉంటేనే దాహం ఉన్నట్టు. అదీ కాకపోతే వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడటం. వేలికి మట్టి అంటుకుంటే నీళ్లు అక్కర్లేదు.

రెండో తప్పు పుదీనాతో చేశాను. ఏప్రిల్ 2న ఆఫీసు నుంచి వచ్చి, ఐదున్నరకు పైపు విప్పి నేరుగా పుదీనా బకెట్ మీద పెట్టాను. రోజంతా ఎండలో పడి ఉన్న పైపులో నీళ్లు చాయ్ పెట్టుకునేంత వేడిగా ఉన్నాయి. నా కాలి మీద పడ్డాక గానీ తెలియలేదు. మర్నాటికి పుదీనా ఉడకబెట్టిన కూరలా నల్లగా అయిపోయింది. పైన ట్యాంకులో నీళ్లు కూడా అంతే, రాత్రి ఎనిమిదింటికి కూడా చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటాయి. అందుకే సాయంత్రం పోయడం ఆపి, రాత్రి పడుకునే ముందు డ్రమ్ముకు నీళ్లు పట్టి, తెల్లవారి ఐదున్నరకు పోయడం మొదలుపెట్టాను. నిద్ర చెడింది కానీ, ఆ వేళ డాబా మీద గాలి ఉంటుంది చూడండి, ఎండాకాలంలో మనకు దొరికేది ఆ గంటే.

ఉగాది ఏప్రిల్ 9. ముందురోజు అమ్మ పరకాల దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. పచ్చడి తిని, డాబా ఎక్కి, ఒక చుట్టు తిరిగి వచ్చి అడిగిన మొదటి మాట: "రోజుకు ఎన్ని బిందెలు పోస్తున్నవు బిడ్డా?"

నాకు తెలియదు. పైపుతో పోసేవాళ్లకు ఆ లెక్క ఎలా తెలుస్తుంది? అమ్మ పైపు చుట్టి మూలన పడేసి, బిందె, చెంబు పట్టించింది. మర్నాడు కొలిచి చూస్తే 13 బిందెలు. మా బిందె 15 లీటర్లది, అంటే 195 లీటర్లు. ఇంట్లోకి పోను మొక్కలకు మిగిలేవి ఎన్నో కూడా లెక్క తీశాం. మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు, అదీ ముప్పావుగంట. బోరు పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ కలుపుకున్నా ఎనిమిది బిందెలు దాటడం లేదు. ఐదు బిందెలు తక్కువ.

"గా టమాటలు పీకెయ్. నీళ్లు తాగుడే తప్ప కాసుడు లేదు" అంది అమ్మ.

నాకు కోపం వచ్చింది. డిసెంబర్‌లో నారు పోసి పెంచిన చెట్లు. కానీ నిజమే, పూత వస్తోంది, రాలుతోంది. పగలే కాదు, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాట పూతలో పుప్పొడి పనిచేయదు, కాయ కట్టదు. వారం ఆగుదామన్నాను. ఆ వారంలో 14 చెట్లు కలిసి రెండే కాయలిచ్చాయి, ఒకదాన్ని ఉడుత కొరికింది. ఒక్కో బకెట్‌కు రోజుకు మూడు లీటర్ల చొప్పున వారంలో దాదాపు 20 బిందెలు వాటికే పోశాం. ఏప్రిల్ 18న పీకేశాను. చిన్నోడు పక్కన నిలబడి "పచ్చగానే ఉన్నాయి కదమ్మా" అంటుంటే చెయ్యి ఆడలేదు. వాటితో పాటు బంతి, మిగిలిన పాలకూర, కొత్తిమీర కూడా పోయాయి. 62 కాస్తా 39 అయ్యాయి. లెక్క ఎనిమిదిన్నర బిందెలకు దిగింది. ఈ ఎండాకాలం మొత్తంలో తోటను నిలబెట్టిన పని ఏదంటే, నేనైతే ఆ పీకడమే అంటాను. నెట్టు, కుండలు, వేప నూనె అన్నీ దాని తర్వాతే.

నెట్టు కథ వేరే ఉంది. ఉగాది మర్నాడే పచ్చ షేడ్ నెట్టు తెచ్చాం. దుకాణంలో 50 శాతం, 75, 90 అని మూడు రకాలు చూపించారు. ఎక్కువ నీడ అయితే ఎక్కువ మేలు కదా అని నేను 90 పట్టుకున్నాను. అక్కడ పనిచేసే పెద్దాయన "కూరగాయలకా అమ్మా? 50 తీసుకో. అంత నీడైతే మొక్క సన్నగ పొడుగుగ సాగుడే ఉంటది" అని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. నెట్టు 1,150, ఆరు వెదురు బొంగులు 540, తీగ 60, కట్టినాయనకు 500. ఆయన ఐదడుగుల ఎత్తులో బిగించి కట్టాడు. రెండు రోజులకే కింద ఆవిరి పట్టినట్టు ఉక్క, నేను వంగి నడవాల్సిన పరిస్థితి. మా ఆయనా నేనూ ఆదివారం కూర్చుని విప్పి, ఏడున్నర అడుగులకు లేపి, నాలుగు పక్కలా గాలి ఆడేలా మళ్లీ కట్టాం.

ఏప్రిల్ 17 శ్రీరామనవమి. పానకం కలుపుతుంటే పైన ధబధబమని చప్పుడు. వెళ్లి చూస్తే తొమ్మిది కోతులు. మా నెట్టును ఊయల చేసుకుని ఊగుతున్నాయి. ఒకటి నా వంక చూస్తూ వంకాయ కొరికి, రుచి నచ్చక పారేసి, ఇంకోటి తెంపి, అదీ కొరికి పారేసింది. కర్ర తీసుకుంటే అమ్మ ఆపింది: "నవమి పూట హనుమంతుని మీదికి కట్టె లేపుతవా?" సరే, స్వామీ ఊగు అని కిందికి వచ్చేశాను. నెట్టులో రెండు మూరల చిరుగు. వరంగల్, హన్మకొండలో తోట పెంచేవాళ్లకు కోతుల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నెట్టును బిగుతుగా కాకుండా కొంచెం వదులుగా కడితే వాటికి కాలు నిలవదు, తక్కువసార్లు ఎక్కుతాయి. నాకు తెలిసింది అంతే.

ఏప్రిల్ ఆఖరి వారంలో వంగ ఆకులు రంగు మారాయి. ఆకుల పైన ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలు. తిప్పి చూస్తే కింద సన్నటి సాలెగూడు, అందులో కదిలే ఎర్రటి చుక్కలు. ఎర్రనల్లి. పొడి వేడిలో ఇది తెగ పెరుగుతుంది. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు కలిపి కొట్టాలని తెలుసు. కానీ కొట్టింది ఎప్పుడు? ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. పన్నెండింటికల్లా ఎండ, నూనె కలిసి ఆకుల అంచులు అప్పడాల్లా కాలిపోయాయి. నల్లి కంటే నేను చేసిన నష్టమే ఎక్కువ. తర్వాత పద్ధతి మార్చాను. తెల్లవారుజామున ఆకు కింది వైపు ఒట్టి నీళ్లు గట్టిగా చిమ్మడం, ఆ నీళ్లు కుండీలోనే పడేలా చూసుకోవడం, వేప నూనె వారానికి ఒకసారి పొద్దు గుంకాక. పదిహేను రోజులకు తగ్గింది. ఎనిమిది వంగ చెట్లలో ఐదు బతికాయి.

మే 2న కుండలు కొన్నాం. ఈ ఆలోచన కూడా అమ్మదే. మా తాత మామిడి మొక్కల పక్కన కుండ పాతి నీళ్లు నింపేవాడట. ఎండాకాలం కుండ అడిగితే ధర చూడండి, అందరూ తాగే నీళ్లకు కొనే రోజులు. నాలుగైదు లీటర్లు పట్టే చిన్న కుండలు ఒక్కోటి 100 చొప్పున ఎనిమిది తెచ్చాను. ఇంటికి రాగానే అమ్మ అన్నింట్లో నీళ్లు నింపి నీడలో వరుసగా పెట్టింది. గంట తర్వాత ఆరు కుండలకు బయట చెమట పట్టింది. రెండింటికి చుక్క తడి లేదు. అవి పైన రంగు పూసి నున్నగా మెరిపించినవి, నేనే అందంగా ఉన్నాయని ఏరుకొచ్చాను. నీళ్లు ఊరని కుండ పాతితే ఏం లాభం. ఆ రెండింటిలో ఇప్పుడు ఒకదాంట్లో చింతపండు ఉంది, ఇంకోటి ఖాళీ.

ఊరే ఆరింటిని నిమ్మ, జామ, కరివేపాకు దగ్గర పాదుల్లో మెడ దాకా పాతాం. చెట్టుకు మూరెడు దూరంలో గొయ్యి, కుండ చుట్టూ మెత్తటి మట్టి కూరడం, మూతి మీద మూకుడు బోర్లించడం. మూకుడు లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, ఉడుతలు పడి చస్తాయి. మొదటి రోజు నింపిన కుండ రాత్రికే సగమైంది. కారిపోతోందని కంగారు పడ్డాను. చుట్టూ మట్టి తడిని పీల్చుకున్నాక వేగం తగ్గింది, తర్వాత మూడు రోజులకు ఒకసారి నింపితే సరిపోయింది. అంతకుముందు ఆ పాదుల్లో రోజూ బిందెడు పోస్తే పైనే పారి, పైనే ఎండేది.

డాబా మీద కుండీలకు పల్లి పొట్టు కప్పాం. నూనె మిల్లులో సంచి 60, మూడు సంచులు. రెండంగుళాల మందం వేస్తే మట్టి పగలడం ఆగింది, రోజూ పోసే చోట రోజు విడిచి రోజు పోస్తే చాలింది. ఒక చికాకు మాత్రం వచ్చింది. పొట్టులో అక్కడక్కడా పల్లి బద్దలు ఉంటాయి కదా, చీమలు బారులు కట్టాయి, వాటి వెనకే పిచ్చుకలు, మైనాలు వచ్చి పొట్టంతా చిమ్మేశాయి. రోజూ ఊడ్చి మళ్లీ కుండీల్లో వేయడం చిన్నోడి సెలవుల డ్యూటీ అయింది, రోజుకు ఐదు రూపాయలు తీసుకునేవాడు.

మే 13న ఓటు. మా ఓట్లు ఊళ్లో ఉన్నాయి. 11 సాయంత్రం వెళ్లి 14 పొద్దున రావాలి, అంటే మూడు పొద్దులు నీళ్లు లేకుండా. పక్కింటి వదినను అడగొచ్చు కానీ, వాళ్లకే నీళ్లు కష్టంగా ఉన్నాయి. 39 కుండీలను మెట్ల గది ఉత్తరం గోడ పక్కకు జరిపి, ఆకుకు ఆకు తగిలేలా దగ్గర దగ్గరగా పెట్టాం. పాత కాటన్ చీర చింపి పేలికలు చేసి, ఒక కొస నీళ్ల బకెట్లో, ఇంకో కొస కుండీ మట్టిలో. బకెట్ కుండీ కంటే ఎత్తులో, ఇటుకల మీద. ఈ పనికి రెండు గంటలు పట్టింది, నడుం విరిగింది. ఊళ్లో ఉన్న మూడు రోజులూ నా మనసు ఇక్కడే. 14న బస్సు దిగి చెప్పులు కూడా విప్పకుండా పైకి పరుగెత్తాను. మూడు పోయాయి, 36 ఉన్నాయి. పోయిన మూడింటికీ పేలిక జారి బయట పడింది. ఆ గుంపును మళ్లీ విడదీయలేదు, జూన్ దాకా అలాగే ఉంచాను. దగ్గరగా ఉంటే ఒకదానికొకటి నీడ.

మే 20కి బోరు పూర్తిగా పోయింది. ట్యాంకర్ చెప్పాం, 5,000 లీటర్లు 700. వచ్చాక గానీ గుర్తు రాలేదు, మా సంపు పట్టేది 2,000 లీటర్లేనని. డ్రైవర్ పైపు పట్టుకుని "మిగిలినవి యాడ పోయాలె మేడం?" అంటుంటే నేను గేటు బయట నిలబడి ఎదురింటివాళ్లను కేకేశాను. సగం వాళ్లు పోయించుకుని 350 ఇచ్చారు. ట్యాంకర్ పిలిచే ముందు పక్కవాళ్లతో మాట్లాడుకోండి. ఆ నీళ్లూ ఏదో బోరువే, ఉప్పన. వారానికి కుండీల అంచున తెల్లటి పొర కట్టింది, ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. అప్పుడు పక్కింటి వదిన తన ఏసీ నీళ్లు ఇస్తానంది. రాత్రంతా పట్టిన బకెట్ పొద్దున గోడ మీంచి అందించేది. ఉప్పు లేని నీళ్లు, కరివేపాకు చిగురు రెండు వారాల్లో తేటబడింది. బదులుగా నేను మల్లెపూలు ఇచ్చేదాన్ని.

మల్లె గురించి చెప్పాలి. మిగతావన్నీ ఏడుస్తుంటే ఆ ఒక్క తీగ ఈ ఎండను పండగ చేసుకుంది. జనవరి ఆఖర్లో ఆకు దూసి కత్తిరించాను, అంతే నేను చేసింది. ఏప్రిల్, మే నెలల్లో రోజూ సాయంత్రం గిన్నెడు మొగ్గలు. మాడిపోయిన డాబా మీంచి దిగి, గేటు దగ్గరకు వచ్చేసరికి ఆ వాసన. అలాగే ఎవరూ నాటని గంగవాయిలి కూర ఖాళీ టమాట బకెట్లలో తనంతట తనే పరుచుకుంది. నీళ్లు పోసింది లేదు. పప్పులో వేసుకుని నెలంతా తిన్నాం. పుంటికూర, బచ్చలి, బెండ కూడా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

మే 25న రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, మా ఇంట్లో రోలు లేదు కానీ రెండు ప్లాస్టిక్ కుండీలు పగిలాయి. ఆ వారం ఒక సంగతి కనిపెట్టాను. పొద్దున నీళ్లు పోస్తున్నా కొన్ని బ్యాగులు సాయంత్రానికి దెబ్బతింటున్నాయి. ఒక బ్యాగు లేపి కింద చెయ్యి పెడితే స్లాబు పెనంలా ఉంది. నెట్టు పైనుంచి ఎండను ఆపుతుంది, కిందినుంచి వచ్చే వేడిని ఎవరు ఆపాలి? వేర్లు కాలుతున్నాయి. అన్నింటి కిందా ఇటుకలు పెట్టి, మధ్యలో గాలి ఆడేలా చేసి, నల్ల బ్యాగులకు గోనె సంచులు చుట్టాం. ఇది మార్చిలోనే చేసి ఉంటే ఇంకో నాలుగైదు మొక్కలు దక్కేవి.

నిమ్మ చెట్టు 2016లో నాన్న పెట్టింది. మే ఆఖరికి ఆకులన్నీ రాల్చేసింది, కుండ పాతినా సరే. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. జూన్ 1 పొద్దున అమ్మ ఒక్కతే దాని దగ్గర నిలబడి గోటితో కొమ్మ గీరుతోంది. గీరిన చోట బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. తూర్పు వైపు కొమ్మలు గీరితే అగ్గిపుల్లలా పొడి గోధుమ రంగు. పడమటి వైపు, గోడ నీడ పడే పక్క, గీరగానే సన్నటి పచ్చ గీత. అమ్మ నాకు చూపించి, ఆ చోట తన ఉమ్ముతో తడి చేసిన మట్టి కాస్త అద్దింది. తూర్పు కొమ్మలు నాలుగు కోసేశాం. మిగిలింది సగం చెట్టు.

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి వాన పడింది. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా రెండు రోజులుంది. అందరం లేచి డాబా మీదికి పోయాం, నేను మాత్రం తడుస్తూ నెట్టు విప్పుతున్నాను. నీళ్లు నిలిచి బరువుకు బొంగులు వంగిపోతున్నాయి మరి. మర్నాడు కుండీలన్నింటినీ వానలో వరుసగా పెట్టాం, ట్యాంకర్ ఉప్పు కడుక్కుపోవాలని. జూన్ 7 మిరుగం రోజు చేపల కోసం లైన్‌లో నిలబడ్డ మా ఆయన, కిలోకు ఎంత పెట్టాడో చెప్పకుండా పులుసుకు చింతపండు నానబెట్టమన్నాడు.

ఖర్చు రాసి పెట్టుకున్నాను. నెట్టు, బొంగులు, తీగ, కూలి కలిపి 2,250. కుండలు 800, పొట్టు 180, వేప నూనె 250, ట్యాంకర్‌లో మా వాటా 350. మొత్తం 3,830. చిన్నోడి ఐదు రూపాయలు, మెకానిక్ 300 కలపలేదు. ఈ మూడు నెలల్లో కోసుకున్నది వంకాయలు ఓ ఆరు కిలోలు, బెండకాయలు, ఆకుకూరలు. కొనుక్కుంటే వెయ్యి కూడా కాదని మా ఆయన లెక్క. మల్లెపూలకు లెక్క కట్టలేదు ఆయన. నెట్టు మడిచి మెట్ల గదిలో పెట్టాను, వచ్చే ఏడాదికి వస్తుంది, కోతులు చింపిన చోట చీర ముక్క వేసి కుట్టాలి.

నిన్న అమ్మ ఊరికి పోయింది. పోతూ పోతూ రంగు పూసిన ఆ ఖాళీ కుండ చంకన పెట్టుకుంది. "గిది నీళ్లు ఊరదు కదమ్మా" అన్నాను. "నీళ్లకు కాదు బిడ్డా, విత్తనాలకు. తడి లోపలికి రాదు" అని, నా బెండ చెట్టు మీద ముదిరి ఎండిన మూడు కాయలు తెంపి అందులో వేసుకుని ఆటో ఎక్కింది.